మంచి మనసు ఒక్కటీ ఉంటే చాలదా? సంఘ సెక్రటరీ కాబోతున్న తమ్ముడికి నా జవాబు

వందనాలు తమ్ముడూ. నువ్వు రాసింది నిదానంగా చదివాను. ఒడిశాలో గుణుపురం దగ్గర చిన్న తెలుగు క్రైస్తవ సంఘం, సగం మంది తెలుగువాళ్లు, మిగతా సగం కొండ ఊళ్ల నుంచి దిగి వచ్చే సవర కుటుంబాలు, పాత సెక్రటరీ గారు ఒంట్లో బాగోక తప్పుకుంటే కమిటీ నీ పేరు చెప్పింది. నువ్వు అడిగినవి మూడు. ప్రార్థనా యథార్థతా ఉంటే చాలు, ఈ తెలివితేటలూ ట్రైనింగులూ లోకసంబంధమైనవి అని పెద్దలు అంటున్నారు, అది నిజమేనా. ఆదివారం కానుక సంచి ఒక పెద్దాయన ఇంటికి పట్టుకెళ్లి లెక్కపెడతారు, ఆయన మంచివారే, మరి ఈ సంగతి ఎత్తాలా వద్దా. నాయకుడి సొంత బతుకు సంఘానికి ఎంతవరకు తెలియాలి. ఈ మూడూ నాకు ఒకే ప్రశ్నలా కనిపిస్తున్నాయి, అందుకే కలిపే రాస్తున్నా, కాస్త పెద్దదవుతుంది ఓపిగ్గా చదువు.

నాది పర్లాకిమిడి. బ్యాంకులో చేసి రిటైర్ అయ్యాను. మా సంఘంలో చాలాకాలం ట్రెజరర్‌గా ఉన్నాను, తర్వాత గజపతి, రాయగడ జిల్లాల్లో చిన్న సంఘాలు పిలిస్తే వెళ్లి వాళ్ల లెక్కల పుస్తకాలు చూసి పెట్టడం అలవాటైంది. నేను పాస్టర్ని కాను, వేదాంతం చదవలేదు, బైబిలూ లెక్కల పుస్తకమూ పక్కపక్కన పెట్టుకుని చదివిన మనిషిని, ఆ చూపుతోనే చెప్తా.

మొదటి మాట. యథార్థత వేరు, పనితనం వేరు, మొదటిది దేవుడికి రెండోది లోకానికి అని విడగొట్టడం బైబిల్లో లేదు. 78వ కీర్తన తెలుసు కదా, ఆసాపు రాసిన పెద్ద కీర్తన, ఐగుప్తు నుంచి మొదలుపెట్టి చరిత్ర అంతా చెప్పుకుంటూ వచ్చి చివరికి గొర్రెల దొడ్లోంచి తెచ్చిన దావీదు దగ్గర ఆగుతుంది. ఆ ఆఖరి వచనంలో దావీదు గురించి చెప్పినవి రెండే, యథార్థమైన హృదయంతో పాలించాడు, నేర్పుగల చేతులతో నడిపించాడు అని. హృదయమూ చేతులూ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మన పెద్దలు మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తున్నారు, ఈ కాలం పెద్ద పెద్ద స్టేజీల వాళ్లు రెండో సగం మాత్రమే చదువుతున్నారు, రెండువైపులా జనమే నలిగిపోతున్నారు.

దానియేలు సంగతి చూడు, ఆరో అధ్యాయం. తోటి అధికారులు ఆయన మీద తప్పు పట్టాలని ఫైళ్లన్నీ తిరగేశారు అనుకో, వాళ్లకి అవినీతీ దొరకలేదు, నిర్లక్ష్యమూ దొరకలేదు. లంచం తినని ఆఫీసర్లు మనకి అక్కడక్కడ ఉంటారు, కానీ అదే ఆఫీసర్ టేబుల్ మీద నీ కాగితం ఆరు నెలలు కదలకపోతే ఆయన నిజాయితీ నీకేం అక్కరకొచ్చింది చెప్పు.

ఇంక యాజకుడు ఏలీ గురించి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే నేను తిరిగిన సంఘాల్లో దొంగ నాయకుల కంటే ఏలీ లాంటి నాయకులే ఎక్కువ కనిపించారు. మొదటి సమూయేలు రెండో అధ్యాయం. జనం బలి తెస్తారు, మాంసం కుండలో ఉడుకుతూ ఉంటుంది, యాజకుడి పనివాడు మూడు ముళ్ల కొంకి పట్టుకుని వస్తాడు, కుండలోనో బొరుసులోనో గుచ్చుతాడు, పైకి ఏదొస్తే అది యాజకుడిదే. తర్వాత్తర్వాత అదీ చాలక, కొవ్వు దేవుడికి దహించకముందే పచ్చి మాంసం ఇయ్యి, ఇవ్వకపోతే బలవంతంగా లాక్కుంటాం అనే దాకా వెళ్లారు. ఆ కొంకి పట్టింది ఏలీ కాదు, కొడుకులు. ఏలీ వాళ్లని మందలించాడు కూడా, ఇలా చెయ్యకండి నాయనా మీ గురించి మంచి మాట వినబడట్లేదు అని. అంతే, అక్కడితో ఆగిపోయాడు, కొంకి వాళ్ల చేతిలోంచి తియ్యలేదు, వాళ్లని పనిలోంచి దింపలేదు. 29వ వచనానికి వచ్చేసరికి దైవజనుడు వచ్చి, నైవేద్యాల్లో మంచి మంచివి తిని మీరందరూ కొవ్వుపట్టారు అని ఆయన్ని కూడా ఆ లెక్కలోనే కలిపేశాడు. మంచి మనిషే, ప్రార్థన నేర్పే మనిషే, పిల్లాడైన సమూయేలుకి దేవుడి స్వరం ఎలా గుర్తుపట్టాలో నేర్పింది ఆయనే. కానీ ఆ మంచితనానికి చేతులు లేవు. దానివల్ల జనం ఏలీనో ఆయన కొడుకుల్నో అసహ్యించుకుని ఊరుకోలేదు, యెహోవా నైవేద్యాన్నే అసహ్యపడ్డారు. మన ఊళ్లలో ఎంతమంది చర్చికి రావడం మానేసి, ఇంట్లో ప్రార్థన చేసుకుంటాం అండి, గుడి లెక్కలు మాకొద్దు అంటున్నారో నీకూ తెలుసు.

ఇప్పుడు మన పక్క ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూపిస్తా. పెళ్లి రిజిస్టరు. మన సంఘాల్లో పెళ్లిళ్లు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉన్న పాస్టర్ గారే చేయిస్తారు, రిజిస్టరు నింపేది మాత్రం చాలా చోట్ల సెక్రటరీయే. మనకి ఇంటిపేరు ముందు, ఒడియా వాళ్లకి వెనక. ఇక్కడి స్కూల్లో ఒడియా మాస్టారు పిల్ల పేరు ఒకలా రాసుకున్నారు, ఆధార్‌లో ఇంకోలా పడింది, పెళ్లి రోజు భోజనాల హడావిడిలో సెక్రటరీ గారు తనకి నోటికొచ్చిన స్పెల్లింగుతో రిజిస్టరు నింపేశారు, తండ్రి పేరు దగ్గర వాడుక పేరు రాసేశారు. ఆ పిల్ల నర్సింగ్ చదివి ఉద్యోగానికి వెళ్తే మూడు కాగితాల్లో మూడు పేర్లు. పిల్ల బరంపురం తిరిగింది, అఫిడవిట్లు చేయించింది, చేతిలో డబ్బులన్నీ అయిపోయాయి. ఆ సెక్రటరీ గారు నిజాయితీపరులు కాదని నేనంటానా, అనను, ఒక్క రూపాయి ముట్టుకోని మనిషి. కానీ ఆధార్ కార్డు అడిగి అక్షరం అక్షరం చూసి రాయడానికి ఒక పది నిమిషాలు పెట్టలేదు, ఆ పది నిమిషాల బద్ధకం ఇంకొకరి పిల్ల నెత్తిన పడింది. సాటి మనిషిని ప్రేమించు అన్న ఆజ్ఞ ఆ రోజు ఆ రిజిస్టరు పేజీలోనే తప్పిపోయింది అని నేను గట్టిగా నమ్ముతా. కాబట్టి నువ్వు సెక్రటరీ అయితే బాప్తిస్మం రిజిస్టరు, పెళ్లి రిజిస్టరు, సమాధుల రిజిస్టరు, ఈ మూడింటినీ బైబిల్ అంత జాగ్రత్తగా చూసుకో. పెళ్లికి వారం ముందే రెండు వైపుల వాళ్ల కాగితాలు తెప్పించుకుని పెన్సిల్‌తో రాసి వాళ్లకి చూపించు, ఔనంటేనే సిరా పెట్టు.

సరే, కానుక సంచి. నువ్వు భయపడుతున్నది దీని గురించే అని అర్థమైంది.

ముందు వాక్యం. రెండో కొరింథీ ఎనిమిదో అధ్యాయంలో పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగు చేస్తున్నాడు. పౌలు కంటే నమ్మకస్తుడు ఎవరుంటారు, అయినా ఆ డబ్బు తానొక్కడే పట్టుకెళ్లలేదు. తీతుని పంపాడు, తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న ఇంకో సహోదరుణ్ణి పంపాడు, ఇంకొకర్ని కూడా కలిపాడు. ఎందుకంటే 20, 21 వచనాల్లో ఆయనే చెప్పాడు, ఇంత పెద్ద మొత్తం విషయంలో మా మీద ఎవరూ నింద మోపకుండా జాగ్రత్త పడుతున్నాం, ప్రభువు దృష్టికి మాత్రమే కాదు మనుషుల దృష్టికి కూడా యోగ్యమైనది చూసుకుంటున్నాం అని. దేవుడికి తెలుసులే అన్న మాట మన సంఘాల్లో లెక్క అడిగినప్పుడల్లా వస్తుంది, పౌలు ఆ మాట వెనక దాక్కోలేదు.

ఇంకొకటి, లెక్కల మనిషిగా నాకు చాలా ఇష్టమైన అధ్యాయం నిర్గమకాండం 38. ప్రత్యక్ష గుడారం కట్టడం అయ్యాక మోషే ఆజ్ఞ ప్రకారం యాజకుడు అహరోను కొడుకు ఈతామారు చేత లెక్క రాయించారు. బంగారం 29 మణుగుల 730 తులాలు. వెండి 100 మణుగుల 1,775 తులాలు. ఆ 100 మణుగులు గుడారం కింద పెట్టే దిమ్మలకి పోయాయి, దిమ్మకి ఒక మణుగు చొప్పున నూరు దిమ్మలు. మిగిలిన 1,775 తులాలు ఏమయ్యాయో కూడా ఉంది, స్తంభాల వంకులకీ వాటి బోదెల రేకులకీ వాడారు. కొండ మీద దేవుడితో ముఖాముఖి మాట్లాడిన మోషే కూడా చిల్లర వెండికి లెక్క చెప్పించాడు. దీని తర్వాత మనలో ఏ నాయకుడైనా నన్ను లెక్క అడుగుతావా అంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

నీ మీదకి ఒక వచనం తప్పకుండా వస్తుంది, ముందే చెప్తున్నా. రెండో రాజులు 12:15, పనివాళ్లకి డబ్బు పంచేవాళ్లని లెక్క అడగలేదు, వాళ్లు నమ్మకంగా చేశారు అని. దాన్ని పట్టుకుని చూశావా బైబిల్లోనే లెక్క అడగలేదు అంటారు. కోపం తెచ్చుకోకుండా ఆరు వచనాలు వెనక్కి తిప్పి చూపించు. యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి మూతకి బెజ్జం పెట్టి బలిపీఠం పక్కన ఉంచాడు. పెట్టె నిండాక రాజుగారి లేఖికుడూ ప్రధాన యాజకుడూ ఇద్దరూ వచ్చి కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. ఒకడు దేవాలయం మనిషి, ఇంకొకడు రాజు మనిషి, ఒక ఇంటివాళ్లు కాదు. అంతకుముందు యాజకులకే డబ్బు వదిలేస్తే యోవాషు రాజు ఏలుబడిలో 23వ సంవత్సరం దాకా మందిరం మరమ్మతే అవ్వలేదు, అదీ అదే అధ్యాయంలో ఉంది. లోపలికొచ్చే డబ్బుని ఇద్దరు చూశాక ఆ తర్వాత మేస్త్రీల్ని నమ్మడం సులువే.

కానుకలు ఎలా లెక్కపెట్టాలంటే, దీవెన అయిపోగానే, జనం ఇంకా గుమ్మం దగ్గర మాట్లాడుకుంటూ ఉండగానే, ప్రసంగ వేదిక ముందున్న బల్ల మీద సంచి గుమ్మరించాలి. ఇద్దరు మనుషులు, ఒకే ఇంటివాళ్లు కాకూడదు, నెలకోసారి మారుతూ ఉండాలి, వాళ్లలో ఒకరు స్త్రీల సమాజం నుంచి అయితే ఇంకా మంచిది. ఐదొందలు ఎన్ని, రెండొందలు ఎన్ని, వందలు ఎన్ని, చిల్లర ఎంత అని ఒక చీటీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, ఆ చీటీ క్యాష్ బుక్కుకి అంటించాలి. అతిథి ప్రసంగీకుడి బస్సు చార్జీ అయినా సరే లెక్క అవ్వకముందు సంచిలోంచి తియ్యొద్దు, ముందు మొత్తం రాసి, తర్వాత ఖర్చు కింద ఇచ్చి ఆయన సంతకం తీసుకో. సోమవారం బ్యాంకులో వెయ్యాలి. ఆడవాళ్లు తెచ్చే పిడికెడు బియ్యం కూడా కొలిచి రాయాలి, ఎవరికి ఏ ధరకి అమ్మారో రాయాలి, ఎందుకంటే మన పక్క నోట్ల కంటే బియ్యం దగ్గరే ఎక్కువ గొణుగుడు పుడుతుంది. పేద విధవరాలు తన గంజిలోంచి తీసి పెట్టిన బియ్యం అది, దానికి లెక్క లేదంటే ఆమెకి విలువ లేదన్నట్టే.

ఈ మధ్య కొత్తగా వచ్చింది ఫోన్‌పే క్యూఆర్. నేను వెళ్లిన చాలా చోట్ల చర్చి గోడ మీద అంటించిన క్యూఆర్ స్కాన్ చేస్తే ఎవరో ఒకరి సొంత పేరు వస్తుంది, పాస్టర్ గారి అబ్బాయిదో ట్రెజరర్ గారిదో. సంఘానికి అకౌంట్ లేదండి తాత్కాలికంగా పెట్టాం అంటారు, ఆ తాత్కాలికం మూడేళ్లైనా అలాగే ఉంటుంది. మీ దగ్గర కూడా అలాగే ఉంటే నువ్వు మొదటి నెలలో చెయ్యాల్సిన పని అదే. సంఘం పేరు మీద ఇద్దరి సంతకంతో నడిచే అకౌంట్ తెరిపించు, దానికి సంఘం రిజిస్ట్రేషన్ కాగితాలు, కమిటీ తీర్మానం అడుగుతారు, అవి లేవంటే ఆ లోపమూ బయటపడుతుంది, సరిచేసుకోవచ్చు.

ఇంక ఆ పెద్దాయనతో ఎలా మాట్లాడాలి. కమిటీలో అందరి ముందూ ఎత్తకు. ముందు ఆయన ఇంటికి వెళ్లు, ఒక్కడివే వెళ్లు, టీ తాగు, ఆయన ఇన్నేళ్లు ఆ సంచి మోసినందుకు మనస్ఫూర్తిగా కృతజ్ఞత చెప్పు, అది నిజంగా చెప్పదగిందే, వర్షంలో వరదలో ఆయనే కదా చూసుకున్నది. తర్వాత అడుగు, పెదనాన్నా, రేపు మీకు ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు, మీ మీద ఎవడైనా నోరు పారేసుకుంటే మీ తరపున చూపించడానికి నా దగ్గర ఒక కాగితం ముక్క ఉండాలి కదా అని. ఆయన మొదట, ఏటి బాబూ నా మీద నమ్మకం లేదేటి అంటారు. ఆ మాటకి బెదిరిపోకు, తగవూ పడకు. నమ్మకం ఉంది కాబట్టే మీ పేరు కాపాడాలనుకుంటున్నా అని చెప్పు, అది ఎత్తుగడ కాదు నిజమే, ఎందుకంటే ఒంటరిగా లెక్కపెట్టే మనిషికి తన మంచితనాన్ని నిరూపించుకునే దారే ఉండదు. నేను చూసినంతలో పదిమందిలో ఎక్కువమంది ఆ మాటకి మెత్తబడతారు, కొందరైతే బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకుంటారు. మెత్తబడకపోతే అప్పుడు అయ్యగారితో, అంటే పాస్టర్ గారితో, తర్వాత కమిటీలో, మత్తయి 18లో వరస ఎలా ఉందో అలాగే వెళ్లు. ఎవరి పేరూ ఎత్తకుండా పద్ధతి గురించే తీర్మానం పెట్టు, మనిషి గురించి వద్దు.

విదేశీ డబ్బు గురించి నువ్వు అడగలేదు గానీ ఒక మాట. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ చందాల చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీయుల దగ్గర చందా తీసుకోవడం నేరం, పాస్టర్ గారి సొంత అకౌంట్‌కి వేయించుకున్నా అంతే. 2020 సవరణ తర్వాత రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు కూడా ఆ డబ్బుని న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన అకౌంట్‌లోనే మొదట తీసుకోవాలి, ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకూడదు, ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు. మన ఊరి కుర్రాడు దుబాయ్‌లో పనిచేస్తూ ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉండి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ చందా కాదు, అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుంటే అది విదేశీ చందానే. చాలామందికి ఈ తేడా తెలీక చిక్కుల్లో పడుతున్నారు. అటు మహారాష్ట్ర వైపు సిరొంచా, బల్లార్పూర్ తెలుగు సంఘాల వాళ్లు ఎవరైనా చదువుతుంటే, మీకు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద చారిటీ కమిషనర్ ఆఫీసు ఉంది, అక్కడ కమిటీ మారినప్పుడల్లా మార్పు రిపోర్టు ఇవ్వాలి, అది ఇవ్వకపోవడం వల్లే పాత కమిటీ కొత్త కమిటీ కోర్టులెక్కుతాయి.

మూడో ప్రశ్న, సొంత బతుకు. 1948లో కాలిఫోర్నియాలో మోడెస్టో అనే ఊళ్లో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం, ఆయన జట్టువాళ్లూ కూర్చుని సువార్తికులు ఎక్కడెక్కడ పడిపోతున్నారో చూసి నాలుగు విషయాల్లో కట్టడి పెట్టుకున్నారు. డబ్బు, పరస్త్రీతో ఒంటరిగా ఉండకపోవడం, స్థానిక సంఘాలని తక్కువ చేసి మాట్లాడకపోవడం, జనం లెక్కని పెంచి చెప్పకపోవడం. మొదటి రెండూ అందరికీ గుర్తుంటాయి. నాలుగోదే మనవాళ్లకి అసలు గాయం. ఒకే ఇరవై మందిని రెండు వైపుల నుంచి ఫోటో తీసి రెండు కూడికలు అని రిపోర్టు రాయడం, నిరుడు బాప్తిస్మం అయినవాళ్లని ఈ ఏడాది లెక్కలో కలపడం, కొండ మీద ఊరికి వెళ్లకుండానే వెళ్లినట్టు రాయడం. సవర వాళ్ల ఫోటో పెట్టి డబ్బు అడిగి ఆ డబ్బుతో కింద పట్నంలో బిల్డింగ్ లేపడం నేను కళ్లారా చూశాను, మనసు మండిపోతుంది. నువ్వు సెక్రటరీవి, రిపోర్టు రాసేది నువ్వే. పదకొండు మంది వచ్చారా, పదకొండే రాయి.

ఆ నాలుగింటిలో రెండోదాని గురించి మన పరిస్థితికి తగ్గట్టు చెప్పాలంటే, ఇళ్లలో పెట్టే కాటేజ్ ప్రేయర్లకీ ఇళ్లు దర్శించడానికీ ఇద్దరుగా వెళ్లండి, మగవాళ్లు లేని ఇంటికి వెళ్లాల్సి వస్తే స్త్రీల సమాజం నుంచి ఒక అమ్మని తోడు తీసుకెళ్లండి, రాత్రి పూట యూత్ అమ్మాయిలకి విడివిడిగా వాట్సాప్‌లో వాక్యం పంపించే అలవాటు అసలు వద్దు, గ్రూపులో పెట్టండి. సండే స్కూల్లో గానీ హాస్టల్లో గానీ పిల్లల మీద అఘాయిత్యం జరిగిందని తెలిస్తే, సంఘం పరువు అని లోపల సర్దుబాటు చెయ్యొద్దు, 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ఈ విషయంలో అయ్యగారు వద్దన్నా సరే, నువ్వు వెళ్లి చెప్పాల్సిందే.

చీటీలు, స్కీములు, ప్లాట్లు. 2013లో ఒడిశాలో చిట్‌ఫండ్ కంపెనీలు కూలినప్పుడు ప్రభుత్వం విచారణ కమిషన్ వేసింది, నీకు గుర్తుండకపోవచ్చు చిన్నవాడివి. ఏజెంట్లుగా తిరిగినవాళ్లలో చర్చి పెద్దలూ ఉన్నారు, ఆదివారం ప్రార్థన చేసిన నోటితోనే సోమవారం డిపాజిట్ అడిగితే పాపం విశ్వాసులు కాదనలేకపోయారు. పదవిలో ఉన్నంతకాలం సంఘ సభ్యులకి ఏదీ అమ్మకు, ఇన్సూరెన్స్ అయినా సరే, వాళ్ల దగ్గర అప్పు చెయ్యకు. బైబిల్లో నెహెమ్యా యూదా దేశానికి పన్నెండేళ్లు అధిపతిగా ఉండి అధిపతికి హక్కుగా వచ్చే భత్యం కూడా తినలేదు, జనం భారం కింద ఉన్నారని.

ఇంకో సున్నితమైన సంగతి, కులం సర్టిఫికెట్. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వచ్చిన దళితులకి ఎస్సీ హోదా లేదు, 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు, మనకి ఇవ్వలేదు. సవర వాళ్లు ఎస్టీ కాబట్టి వాళ్లకి ఈ చిక్కు లేదు. చదువు కోసం, కూడు కోసం కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతున్న కుటుంబాలని నేను ఎప్పుడూ వేలెత్తి చూపను, ఆ ఉత్తర్వే అన్యాయం అని నా అభిప్రాయం. కానీ నాయకత్వానికి వచ్చేవాడు తన కాగితాల సంగతి తను ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే రేపు సంఘం ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టాల్సింది వాడే. నీకు అలాంటిది ఏమైనా ఉంటే ఒప్పుకునే ముందే అయ్యగారితో ఒంటరిగా మాట్లాడు. మిగతా నీ ఇంటి విషయాలు సంఘమంతటికీ తెలియక్కర్లేదు, ఇద్దరు ముగ్గురికి మాత్రం పూర్తిగా తెలియాలి, నీ జీతం, నీ అప్పులు, నీ ఫోన్ అన్నీ అడగగలిగే హక్కు ఉన్నవాళ్లు, నువ్వు పిలిచి ఆ హక్కు ఇచ్చినవాళ్లు.

పనితనం అంటే బాక్సులూ ఎల్ఈడీ లైట్లూ అనుకోకు, వాటి మీద ఖర్చు నాకు నచ్చదు, మన సంఘాలకి అవసరమైనవి వేరే. మీ సంఘంలో సగం మంది సవర వాళ్లు అన్నావు కదా, కమిటీ మినిట్స్ తెలుగులోనే చదువుతున్నారా, వాళ్లకి ఎంత అర్థమవుతుంది? గిడుగు రామమూర్తి పంతులు గారు మా పర్లాకిమిడిలోనే మాస్టారుగా ఉండి సవర భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకి బళ్లు పెట్టించారు, వ్యాకరణం నిఘంటువు తయారుచేశారు, 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు వెళ్లిపోయే దాకా ఆ పని వదల్లేదు. ఆయన క్రైస్తవుడు కాదు, సువార్త చెప్పడానికి కాదు నేర్చుకున్నది. మనం సువార్త పేరు చెప్పుకుని వాళ్ల మధ్య తరాలుగా ఉండి కనీసం బాగున్నారా అని వాళ్ల మాటలో అడగలేకపోతే ఎలా తమ్ముడూ. దోర్నకల్ బిషప్ అజరయ్య గారు తమిళుడు, తెలుగు పల్లెల్లోకి వచ్చి తెలుగు నేర్చుకున్నాకే పని మొదలెట్టారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1905లో ఆయనా ఇంకొందరూ కలిసి పెట్టిన నేషనల్ మిషనరీ సొసైటీ మాటే, మన మనుషులు మన డబ్బు మన నిర్వహణ అని. ఆ మూడోది, నిర్వహణ, అదే ఇప్పుడు నీ చేతికొస్తున్నది.

టైముకి మొదలెట్టడం కూడా పనితనమే. కొండ మీద నుంచి తెల్లారకముందే బయల్దేరి నడిచి వచ్చినవాళ్లు తొమ్మిదింటికే కూర్చుంటే, పక్క వీధి పెద్దలు పదింటికి వచ్చాక ఆరాధన మొదలవుతుంది. ఎవరి కోసం ఆగుతున్నాం, ఎవరిని ఆపుతున్నాం అని ఒకసారి కమిటీలో అడిగి చూడు.

పదవి ఒప్పుకోవాలా అంటే, ఒప్పుకో, కానీ ఉత్తి చేతులతో ఒప్పుకోకు. ముందు మూడేళ్ల క్యాష్ బుక్కులు, బ్యాంకు పాస్‌బుక్కు, స్థలం పట్టా కాపీ, రిజిస్టర్లు చూపించమను, చూసినవి ఏమున్నాయి ఏం లేవు అని ఒక కాగితం రాసి పాత సెక్రటరీ గారూ నువ్వూ అయ్యగారూ సంతకాలు పెట్టండి, ఆ రోజు నుంచే నీ బాధ్యత. పదవీకాలం ఎంతో మినిట్స్‌లో రాయించు, మూడేళ్లంటే మూడేళ్లే, నీ పక్కన ఇప్పటి నుంచే ఒక సవర కుర్రాణ్ణి కూర్చోబెట్టి అన్నీ నేర్పు. సమూయేలు దిగిపోయే రోజు జనమందరి ముందూ నిలబడి నేను ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిద తీసుకున్నాను చెప్పండి అని అడిగాడు, కానీ తర్వాత లంచాలు తిన్న తన కొడుకుల్ని న్యాయాధిపతులుగా పెట్టింది కూడా ఆయనే, అందుకే వారసత్వం అన్న మాట ఎత్తితే మాత్రం కమిటీలో గట్టిగా నిలబడు.

కోత పండుగ దగ్గరకొస్తోంది కదా, వేలం పాటలో గుమ్మడికాయలు, కోళ్లు, అరటి గెలలు వెళ్తాయి, పేరు కోసం పెద్ద పాట పాడి డబ్బు వచ్చే వారం ఇస్తానని వెళ్లిపోయేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు, అందులో కమిటీ వాళ్లే ముందుంటారు. ఈసారి పాట మొదలవ్వకముందే చెప్పించు, డబ్బు కట్టాకే సరుకు, బాకీ ఉంటే ఆ పేరు వచ్చే ఆదివారం లెక్కలో చదువుతాం అని, మొదటి పాట నువ్వే పాడి అక్కడికక్కడే కట్టు. నంబర్లు ఉన్న రసీదు బుక్కులు రెండు కొట్టించు, తెలుగు ఒకవైపు ఒడియా ఒకవైపు, ప్రెస్ దగ్గరే పేజీలు తిప్పి నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసుకుని తీసుకో. పెద్దాయనతో మాట్లాడాక ఏమన్నారో ఇక్కడే రాయి, అప్పుడు తీర్మానం ఎలా రాయాలో నేను చెప్తా.